మదార్‌బీ ఎత్తకపోయింది సామీ

తిరుపతిలోని యశోదమ్మ మెస్సులో మధ్యాహ్నం పన్నెండున్నర దాటితే యూనివర్సిటీ పిల్లలతో బల్లలన్నీ నిండిపోతాయి. అరవై ఒక్కేళ్ల యశోదమ్మ గరిటె చేతబట్టుకుని బల్లల మధ్య తిరుగుతూ, ఎవరు కూర ముట్టకుండా అప్పడాలతో కానిచ్చేస్తున్నారో, ఎవరు పొద్దుటి టిఫిన్ ఎగ్గొట్టి వచ్చి ఇప్పుడు మూడోసారి అన్నం అడుగుతున్నారో చూపుతోనే పసిగట్టేస్తుంది. ఆవిడతో వాదనకు దిగి నెగ్గిన విద్యార్థి ఇంకా పుట్టలేదు. పెద్ద పెద్ద ప్రొఫెసర్లు కూడా ఆవిడ "ఇంగో రవంత ఏసుకోండి సార్" అంటే కిక్కురుమనకుండా కంచం ముందుకు జరుపుతారు.

ఇదంతా ఒక ఎత్తు. యశోదమ్మ సినిమా నటి కావడం ఇంకో ఎత్తు. చేసింది ఒక్క సినిమా, అందులో ఒక్క సీను, ఆ సీనులో ఒక్క మాట. అయితేనేం, ఆ ఒక్క మాటా తెలుగువాళ్ల నోళ్లలో నలభై ఏళ్లుగా నలుగుతూనే ఉంది. ఆ సినిమా పేరు 'లగ్నం లగెత్తింది'. పెళ్లింట్లో నగలపెట్టె కనపడక మగపెళ్లివారు గోల పెడుతుంటే, ఓణీ వేసుకున్న పల్లెటూరి పిల్ల ఒకతి చేతిలో చేటతో నిలబడి, అదేదో చాలా మామూలు సంగతైనట్టు "మదార్‌బీ ఎత్తకపోయింది సామీ" అంటుంది. పెళ్లివారంతా ఒక్కసారి గుండెలు బాదుకుని పరుగు లంకించుకుంటారు. మిగతా సినిమా అంతా ఆ పరుగే.

ఆ ఓణీ పిల్ల ముఖం ఇప్పుడు అందరి ఫోన్లలోనూ స్టిక్కరై కూర్చుంది. రోడ్డు వేసిన వారానికే తారు లేచిపోతే ఆ స్టిక్కరు. క్రికెట్టులో చేతికందిన కప్పు చేజారితే ఆ స్టిక్కరు. యశోదమ్మకు అది చూసినప్పుడల్లా మురిపెమే. గ్యాస్ సిలిండరు ఆలస్యమైతే తన ముఖాన్ని తానే గ్యాస్ కంపెనీవాళ్లకు పంపించేది.

ఆ మురిపెం ఒక మంగళవారం మధ్యాహ్నం పప్పు వడ్డిస్తుండగా విరిగిపోయింది.

ఒంగోలు వైపు నుంచి వచ్చి చదువుకుంటున్న నవీన అనే పిల్ల సంచీ అంతా బల్ల మీద కుమ్మరించి, "నా ఛార్జర్ ఏ మదార్‌బీ కొట్టేసిందో ఏమో!" అంది. పక్కనున్నవాళ్లు పకపకా నవ్వారు. "మన హాస్టల్లో మదార్‌బీలు మరీ ఎక్కువైపోయారే" అని ఇంకొకతి అందుకుంది. వాళ్లకది తిట్టు కూడా కాదు. గొడుగును గొడుగు అన్నట్టు, దొంగను మదార్‌బీ అంటున్నారు.

యశోదమ్మ గరిటె గాల్లోనే ఆగిపోయింది. ఎందుకంటే మదార్‌బీ కథలో మనిషి కాదు. సత్యవేడులో బతికున్న మనిషి, డెబ్బై ఏళ్ల దర్జీ, యశోదమ్మకు తోడబుట్టిన అక్క కన్నా ఎక్కువ. ఆ మదార్‌బీ కొడుకు కూతురు సబియా అదే బల్ల చివర కూర్చుని ఉంది. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. తల కంచంలోకి వంచుకుని, మెతుకులు కెలుకుతోంది. కాసేపటికి పెరుగన్నం ముట్టకుండానే లేచి చెయ్యి కడుక్కోవడానికి వెళ్లింది. యశోదమ్మ వెనకే వెళ్లి కొళాయి దగ్గర పట్టుకుంది.

"ఎన్నాళ్లుగా అంటాండారు పాపా, ఇట్ల?"

"నేను కాలేజీలో చేరినప్పట్నుంచీ అంతే, యశోదవ్వా" అంది సబియా. "దొంగంటే మదార్‌బీ. వాళ్లకి అదొక మనిషి పేరని కూడా తెలీదు. ఫ్రెషర్స్ డే నాడు మీ అవ్వ తాతల పేర్లు చెప్పండని ఆట పెట్టినారు. నేను దాదీ పేరు చెప్పలా. ఉమ్మే హబీబా అని అబద్ధం చెప్పినా."

చెప్పి, ఆ పిల్ల చున్నీతో ముఖం తుడుచుకుని క్లాసుకు వెళ్లిపోయింది. యశోదమ్మకు సిగ్గేసింది. జీవితంలో ఆవిడ సిగ్గుపడిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు, ఇది వాటన్నిటి కన్నా పెద్దది. మనవరాలు అవ్వ పేరు దాచుకుని తిరుగుతోంది. ఆ పేరును అలా తయారు చేసిన మాట తన నోట్లోంచి వచ్చింది.

అసలు జరిగిందేమిటో చెప్పాలి.

మద్రాసు దగ్గరే కాబట్టి, అప్పట్లో ఒక సినిమా యూనిట్టు సత్యవేడుకు వచ్చి దిగింది. యశోద వాళ్ల నాయన మునిరామయ్య మిద్దె ఇంటిని పెళ్లిల్లుగా అలంకరించారు. యశోదకు ఇరవై ఏళ్లు. వెనక వీధిలో నాయబ్ రసూల్ చొక్కాలు కుట్టేవాడు, ఆయన పెళ్లాం మదార్‌బీ జాకెట్లు కుట్టేది. ఆవిడ చేతి కుట్టు విప్పాలంటే కత్తెర్లు అరగాలని ఊళ్లో చెప్పుకునేవారు. హీరోయిన్ చూస్తే పుల్ల, వడ్డాణం చూస్తే నడుము మీద నిలవదు. లోపల గుడ్డ పట్టీ వేసి కుట్టమని హీరోయినే మదార్‌బీని పిలిచి అప్పజెప్పింది. బంగారాన్ని నలుగురికీ కనపడేలా పట్టుకుని బజారులో నడవడం బాగుండదని, మదార్‌బీ నగలపెట్టెను పెట్టెపళంగా చంకన పెట్టుకుని, పైన కొంగు కప్పుకుని ఇంటికి వెళ్లింది. పోతూ పోతూ, వాకిట్లో చెనక్కాయలు చెరుగుతున్న యశోదకు చెప్పి మరీ వెళ్లింది.

పెట్టె పంపించిన సంగతి హీరోయిన్ ఎవరికీ చెప్పలేదు. అరగంటకు ప్రొడక్షన్ మేనేజరు కేకలు వేస్తూ వచ్చాడు. "నగలపెట్టె ఏదమ్మాయ్?"

"మదార్‌బీ ఎత్తకపోయింది సామీ" అంది యశోద, చేట దించకుండా.

సత్యవేడులో ఎత్తకపోవడమంటే తీసుకుపోవడం. బిందె ఎత్తకపోతారు, గొడుగు ఎత్తకపోతారు, విందులో వడలు మిగిలితే ఇంటికి ఎత్తకపొమ్మని బలవంతం చేస్తారు. యూనిట్టువాళ్లేమో అందరూ కృష్ణా, గుంటూరు మనుషులు. వాళ్ల వైపు వస్తువును ఎత్తుకుపోవడమంటే ఒకటే అర్థం, దొంగతనం. మేనేజరు నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. లైట్లు పట్టేవాళ్లు, వంటవాళ్లు, మేకప్పు సగమే వేసుకున్న పెళ్లికొడుకు, తలపాగా చుట్టుకున్న ఉత్తుత్తి పురోహితుడు, అంతా కలిసి నలభై మంది "దొంగ దొంగ" అంటూ వీధిన పడ్డారు.

అప్పటికే పట్టీ కుట్టడం ముగించిన మదార్‌బీ పెట్టె చంకన పెట్టుకుని వెనక్కి వస్తోంది. ఎదురుగా నలభై మంది దూసుకొస్తుంటే చూసి ఎక్కడో నిప్పంటుకుందనుకుంది. గిరుక్కున వెనక్కి తిరిగి వాళ్లతో పాటే తానూ పరుగందుకుంది. "ఏమైందబ్బా? ఎవురిల్లు?" అని పెళ్లికొడుకును అడుగుతూ, పెట్టె జారకుండా కొంగు బిగిస్తూ, ఆ సందు చివరిదాకా పరుగెత్తింది. అక్కడ అందరూ రొప్పుతూ ఆగినప్పుడు, దేని కోసం పరుగెత్తుతున్నామో మేనేజరు చెప్పాడు. మదార్‌బీ కొంగు పక్కకు తీసి పెట్టె చూపించి, "ఇదా సామీ? నేను ఈడికే గదా తెస్తాండా" అని అతని చేతిలో పెట్టింది.

డైరెక్టరు గంగాధరం అరుగు మీద కూలబడి కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాడు. తెల్లారేసరికి సినిమా కథ మారిపోయింది. ఆ మాట ఆ నోటితోనే రావాలని యశోదను కెమెరా ముందు నిలబెట్టాడు. మదార్‌బీ వేషం మద్రాసు నటి వేసింది గానీ పేరు మాత్రం అసలు పేరే ఉంచారు. పేరు వాడుకోవచ్చా అని ఆయన అడిగితే, "నా పేరే పెట్టండి సామీ, మా వీధిలో ఎవురి పేరు సినిమాలో ఉండాది?" అని మదార్‌బీ పొంగిపోయింది.

సినిమా వచ్చాక సత్యవేడు టాకీసులో యశోద, మదార్‌బీ పక్కపక్కన కూర్చుని నాలుగుసార్లు చూశారు. హాలంతా కడుపు పట్టుకుని నవ్వింది. ఎవరిని చూసి? చంకన పెట్టె పెట్టుకున్న మనిషిని పక్కన పెట్టుకుని పెట్టె కోసం పరుగెత్తే ఆ పెళ్లివారిని చూసి. "వీళ్లకి తెలుగు కూడా రాదేందబ్బా" అని అరుస్తూ నవ్వారు. అవతల విజయవాడలోనూ, గుంటూరులోనూ హాళ్లన్నీ నవ్వాయి. వాళ్లు మదార్‌బీని చూసి నవ్వారు. తరిమేవాళ్లలో కలిసిపోయి పరుగెత్తే ఎంత గడుసు దొంగరా ఇది, అని. ఒకే బొమ్మ, రెండు నవ్వులు. నలభై ఏళ్లపాటు ఇక్కడి నవ్వు అక్కడివాళ్లకు తెలియలేదు, అక్కడి నవ్వు ఇక్కడివాళ్లకు తెలియలేదు. ఇప్పుడు ఆ రెండోదే గెలిచి తిరుపతిదాకా వచ్చేసిందని యశోదమ్మకు ఆ మంగళవారం కొళాయి దగ్గర అర్థమైంది.

అదేం ఖర్మమో గానీ, ముందు వారమే గిరిప్రసాద్ వచ్చి వెళ్లాడు. తిరుపతిలో ఆయనకొక సినిమా హాలుంది. నలభై ఏళ్ల పండుగకు 'లగ్నం లగెత్తింది'ని కొత్తగా శుభ్రం చేసి మళ్లీ వేస్తున్నామని, ఎనభై రెండేళ్ల గంగాధరం గారు స్వయంగా వస్తున్నారని, యశోదమ్మ ముందు వరుసలో కూర్చోవాలని చెప్పాడు. యశోదమ్మ అతను గుమ్మం దిగకముందే సత్యవేడుకు ఫోన్ కొట్టి మదార్‌బీని పిలిచేసింది.

ఇప్పుడు మళ్లీ ఫోన్ చేసింది.

"అక్కా, ఎండలు మండతాండాయి. నువ్వు రావద్దులే. ఇంగోసారి సూద్దాం."

"నలభై ఏండ్లకి మన బొమ్మ వస్తాంటే ఎండేందిమే?" అంది మదార్‌బీ. "కొత్త బురఖా కుట్టుకున్నా. నా చేత్తో నేనే. గమ్మునుండు, శనివారం బస్సెక్కతా."

అన్నట్టే శనివారం దిగింది. చంకలో సంచీ, సంచీ నిండా పులికాట్ నుంచి కొడుకు నవాజ్ తెచ్చిన ఎండు రొయ్యలు. సబియాను హాస్టల్ నుంచి పిలిపించి దగ్గర కూర్చోబెట్టుకుని, సినిమాలో తన పేరు ఎన్నిసార్లు వస్తుందో లెక్క చెప్పింది. పదిహేడుసార్లట. సబియా నేల చూపులు చూస్తూ తల ఊపింది. యశోదమ్మకు నోరు తెరవాలని రెండుసార్లు అనిపించింది. ప్రొఫెసర్లకు భయపడని నోరు ఆ రోజు తెరుచుకోలేదు. చెప్పి ఈవిడను ఏడిపించడం కన్నా, హాల్లోనే ఏదో ఒకటి చేసి ఆ నవ్వును తిప్పెయ్యాలి, ఎలాగో అప్పుడే చూద్దాం అనుకుంది. తన మీద తనకు ఆ మాత్రం నమ్మకముంది.

ఆదివారం పొద్దున పదకొండింటికి ఆట. హాలు కిక్కిరిసింది. కింద పెద్దవాళ్లు, బాల్కనీ అంతా కాలేజీ పిల్లలు. నవీన బృందం సబియాను కూడా రెక్క పట్టుకుని పైకి లాక్కుపోయింది. ముందు వరుసలో గంగాధరం, ఆయన పక్కన గిరిప్రసాద్, తర్వాత యశోదమ్మ, మదార్‌బీ. గంగాధరం యశోదమ్మను గుర్తుపట్టి చెయ్యి పట్టుకున్నాడు. పక్కనున్న మదార్‌బీకి నమస్కారం పెట్టాడు గానీ ఎవరో తెలియక ముఖం తిప్పేసుకున్నాడు.

సినిమా మొదలైంది. కొత్తగా కడిగినట్టు రంగులన్నీ మెరుస్తున్నాయి. తెర మీద మునిరామయ్య మిద్దె కనపడగానే యశోదమ్మ కుర్చీ అంచుకు జరిగింది. ఆ ఇల్లు ఇప్పుడు లేదు. నాయన గొడుగు కూడా వసారాలో కొయ్యకు వేలాడుతూ ఒక మూల కనిపించింది. ఆ గొడుగును మొదటిసారిగా చూసినట్టు చూసింది.

ఇంటర్వెల్‌కు ముందు ఆ సీను వచ్చింది. చేట పట్టుకున్న ఓణీ పిల్ల తెర మీదికి రావడమే ఆలస్యం, బాల్కనీ అంతా లేచి నిలబడింది. పిల్ల నోరు తెరిచేలోపే వందల గొంతులు ఒక్కటై "మదార్‌బీ ఎత్తకపోయింది సామీ!" అని అరిచాయి. ఈలలు, చప్పట్లు, కాగితాలు. మదార్‌బీ ముఖం వెలిగిపోయింది. కుర్చీలో వెనక్కి తిరిగి, తన పేరు పిలుస్తున్న ఆ జనాన్నంతా ఆశగా చూసింది.

అప్పుడు పై నుంచి ఎవడో "పట్టుకోండ్రా దొంగ మదార్‌బీని!" అన్నాడు. "దొంగ! దొంగ!" అని మిగతావాళ్లు అందుకున్నారు. హాలు పగలబడి నవ్వింది.

మదార్‌బీ నెమ్మదిగా ముందుకు తిరిగింది. "యశోదా, దొంగంటాండారేందిమే? ఎవుర్ని?"

యశోదమ్మ అబద్ధం చెప్పదలచుకోలేదు. "నిన్నేనక్కా" అంది.

"నన్నా?"

"నేనన్న మాట ఈళ్లకి వేరేగా వినపడతాండాది. ఎత్తకపోయిందంటే దొంగిలించిందంట. నీ పేరు చెప్పి దొంగోళ్లని పిలుస్తాండారు. ముందే చెప్పల్సింది నీకు. తప్పు నాదే."

మదార్‌బీ తెర వైపు చూసింది. తెర మీద పెళ్లివారు వీధిన పడ్డారు. "నేను మళ్లా తెచ్చిచ్చినా గదా" అంది. ఎవరితోనో చెప్పినట్టు కాక, తనలో తాను సరిచూసుకున్నట్టు అంది. "ఆ పొద్దే తెచ్చిచ్చినా గదా."

దీపాలు వెలిగాయి. ఇంటర్వెల్.

గిరిప్రసాద్ తెర ముందు మైకు పెట్టించి గంగాధరాన్ని పైకి పిలిచాడు. ఎనభై రెండేళ్ల మనిషి, గొంతులో మాత్రం వణుకు లేదు. వేల సభల్లో చెప్పిన కథనే మళ్లీ చెప్పాడు. "ఈ సినిమా ఒక తప్పులోంచి పుట్టిందండీ. సత్యవేడులో ఒక పల్లెటూరి పిల్ల, పాపం తెలుగు సరిగ్గా రాదు, తీసుకువెళ్లింది అనడానికి బదులు ఎత్తుకుపోయింది అనేసింది. ఆ తప్పుకు నేను ఈనాటికీ రుణపడి ఉన్నాను. ఆ పిల్ల ఇదిగో, ఇక్కడే ఉంది!"

చప్పట్ల మధ్య యశోదమ్మ లేచింది. చీర కుచ్చిళ్లు సర్దుకుని, మెస్సులో బల్లల మధ్య నడిచినట్టే నడుచుకుంటూ మెట్లెక్కి, గంగాధరం చేతిలోంచి మైకు తీసుకుంది. అడిగి కాదు, తీసుకుంది.

"తప్పంటాండారు సారు" అంది. "చూద్దాం, ఎవురిదో. చిత్తూరు, పుత్తూరు, పలమనేరు, పుంగనూరు, సత్యవేడు, ఈ పక్కోళ్లు చేతులెత్తండి."

సగం హాలు చేతులెత్తింది.

"మంచిది. పండక్కి ఊరికి పోయి, మళ్లా హాస్టలుకి బయల్దేరతారు. మీయమ్మ ఊరగాయ డబ్బా తెచ్చి మీ చేతిలో పెడతాది. పెట్టి ఏమంటాది?"

పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అప్పుడు వెనక వరుసలోంచి ఒక కుర్రాడు, చెప్పాలా వద్దా అన్నట్టు నసుగుతూ, "ఎత్తకపో... నాయనా... అంటాది" అన్నాడు.

"గట్టిగా చెప్పు."

"ఎత్తకపో నాయనా, అంటాది!"

"ఆఁ. మరి మీయమ్మ నిన్ను దొంగతనం చెయ్యమంటాండాదా?"

హాలు ఘొల్లుమంది. ఈసారి నవ్వు కాస్త వేరుగా ఉంది. ఎత్తిన చేతులు దిగలేదు. ఒకడు తల కొట్టుకున్నాడు. ఒకమ్మాయి పక్కదానితో "మా అమ్మ కూడా అంతేనే, నిన్న కూడా అనింది" అని గట్టిగానే చెప్పింది. ఒంగోలు నవీన మాత్రం నోరు తెరుచుకుని చూస్తోంది. ఆ పిల్లకు ఈ మాట మొదటిసారి వినపడుతోంది.

"ఇస్కూల్లో ఒక తెలుగు, టీవీలో ఒక తెలుగు నేర్చుకున్నారు. కాదనను" అంది యశోదమ్మ. "మీయమ్మ తెలుగు యాడ పెట్టినారు? మీ నోళ్లలోంచి పోయిన మాటని పట్టుకోని మా అక్కని దొంగని చేస్తాండారు. మదార్‌బీ ఉత్త పేరు గాదు నాయనా. ఆ ముందు కూర్చోనుండేది సూడండి. జాకెట్లు కుట్టి నలుగురు బిడ్డల్ని సాకిన మనిషి. అక్కా, లేయి."

మదార్‌బీ లేచింది. హాల్లో గుసగుసలు మొదలై ఆగిపోయాయి. గంగాధరం కళ్లద్దాలు సవరించుకుని ముందుకు వంగి చూశాడు. గుర్తుపట్టాక ఆయన రెండు చేతులూ వాటంతటవే కలిశాయి.

మదార్‌బీ మైకు దగ్గరికి రాలేదు. వరుసలోనే నిలబడి, మామూలు గొంతుతోనే అడిగింది. హాలంతా నిశ్శబ్దంగా ఉండబట్టి అందరికీ వినపడింది.

"సామీ, నేను ఎత్తకపోయినా, కుట్టినా, మళ్లా తెచ్చిచ్చినా. మూడూ చేసినా. మీరు మొదటిదే చూపించినారే? తెచ్చిచ్చేది కూడా తీసినారు గదా, నేను చెట్టు కింద నిలబడి సూసినా."

అవును, తీశారు. ఆ సందు చివర, మద్రాసు నటి కొంగు పక్కకు తీసి "ఇదా సామీ?" అంటుంటే, మదార్‌బీ వేపచెట్టు కింద నిలబడి సిగ్గుపడుతూ చూసింది. హాల్లోకి వచ్చిన సినిమాలో అది లేదు. నాలుగుసార్లు చూసినా సత్యవేడువాళ్లకు ఆ లోటు తెలియలేదు, ఎందుకంటే వాళ్లకు ఆ సంగతి చెప్పనక్కరలేదు.

గంగాధరం తడుముకున్నాడు. వేల సభల్లో చెప్పని మాట ఇది. "అది ఉంచితే నవ్వు అక్కడితో అయిపోతుందమ్మా" అన్నాడు. "జనం నిన్ను దొంగ అనుకుంటున్నంతసేపే పరుగు సాగుతుంది. ఎడిటింగులో తీసేశాం. నీ పేరు ఉంచి, నువ్వు చేసిన మంచిపని తీసేశాను. నలభై ఏళ్లలో ఒక్కరోజు కూడా నాకు ఆ ఆలోచన రాలేదు. తప్పు ఈ అమ్మాయిది కాదు. నాది."

"కొత్త బొమ్మలో పెట్టచ్చునా?" అంది మదార్‌బీ.

"ఆ ముక్క ఇప్పుడు లేదమ్మా. ఎక్కడా లేదు. వెతికించాను, అన్నీ వెతికించాను. కత్తిరించినవి దాచుకునే రోజులు కావవి."

మదార్‌బీ తల ఊపి కూర్చుంది. కోపం లేదు, ఏడుపూ లేదు. యశోదమ్మ మైకు గిరిప్రసాద్ చేతిలో పెట్టి కిందికి దిగి వచ్చి, మదార్‌బీ చెయ్యి తన ఒళ్లోకి తీసుకుని గట్టిగా పట్టుకుంది. సూది పోట్లతో గరుకైన ఆ వేళ్లు చల్లగా ఉన్నాయి. బెల్లు మోగింది. దీపాలు ఆరిపోయాయి.

రెండో సగమంతా పరుగు. యశోదమ్మ తెర చూడలేదు, హాలు వింటూ కూర్చుంది. మొదట కాసేపు ఎవరూ నవ్వలేదు. అయ్యో, సినిమానే చంపేశానా అనుకుంది. తెర మీద మద్రాసు నటి గిరుక్కున వెనక్కి తిరిగి "ఏమైందబ్బా? ఎవురిల్లు?" అంటూ పెళ్లికొడుకు పక్కన పరుగెత్తింది. ముందు ఒక నవ్వు, ఆ వెనక పది, ఆ వెనక హాలంతా. "ఒరే పెళ్లికొడకా, నీ పక్కనే ఉండాది సూడ్రా!" అని బాల్కనీ అరిచింది. పురోహితుడు పంచె తట్టుకుని పడితే "తెలుగు నేర్చుకోండి సామీ!" అని ఇంకెవరో అన్నారు. సత్యవేడు టాకీసు నవ్వు అది. అచ్చంగా అదే. పక్కన మదార్‌బీ భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందేమోనని యశోదమ్మ వంగి చూసింది. నవ్వుతోంది. కళ్లు తుడుచుకుంటూ, యశోదమ్మ తొడ మీద చరుస్తూ నవ్వుతోంది.

చివరి సీను వచ్చింది. మదార్‌బీ తెచ్చిచ్చిన ముక్క కత్తిరించేశారు కాబట్టి, సినిమాలో నగలపెట్టె దానంతటదే పెళ్లిపీటల పక్కన ప్రత్యక్షమవుతుంది. అందరూ నోళ్లు వెళ్లబెడతారు. పెళ్లికొడుకు తండ్రి పెట్టెను రెండు చేతులా ఎత్తి పట్టుకుని, నేరుగా కెమెరాలోకి చూస్తూ అడుగుతాడు.

"ఇంతకీ ఈ పెట్టె ఎవరు తెచ్చారయ్యా?"

జవాబుండదు. ప్రేక్షకులు నవ్వుకోవడానికని గంగాధరం అక్కడ నాలుగు క్షణాలు ఖాళీ వదిలాడు. నలభై ఏళ్లుగా ప్రతి హాల్లోనూ ఆ నాలుగు క్షణాలు నవ్వుతోనే నిండాయి.

ఈసారి బాల్కనీలోంచి ఒక్క ఆడపిల్ల గొంతు లేచింది. వణుకుతూనే లేచింది గానీ, హాలు ఈ చివరినుంచి ఆ చివరిదాకా వినపడింది.

"మదార్‌బీ తెచ్చిచ్చింది సామీ! మా దాదీ!"

అది సబియా.

ఆ పిల్ల పక్కనుంచి నవీన గొంతు అందుకుంది, ఆ యాస పలకడం రాక తడబడుతూ. ఆ తర్వాత బాల్కనీ అంతా, కింద పెద్దవాళ్లంతా, ముందు వరుసలో ఎనభై రెండేళ్ల గంగాధరం కూడా. "మదార్‌బీ తెచ్చిచ్చింది సామీ!" తెర మీద పెళ్లి బాజాలు మోగుతున్నా ఆ చప్పుడు ఎవరికీ వినిపించలేదు. మదార్‌బీ లేచి, తెరకు వీపు పెట్టి నిలబడి, బాల్కనీ చీకట్లో మనవరాలు ఎక్కడుందో వెతుక్కుంటోంది.